ఆఫీసరుగారి జట్టు

“మీ అమ్మ ఈ రెండు గంటలూ వంటింట్లోంచి బయటికి రాకూడదు,” అన్నాడు హెడ్ క్లర్కు, నీలం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“ఫైనల్ మ్యాచి చూడ్డానికే కదండీ ఆవిడ వచ్చింది,” అంది భార్య. “ముప్పై ఏళ్ళు బడిలో ఆటల టీచరుగా చేసింది. ఫుట్‌బాల్ అంటే ప్రాణం.”

“ఆ ప్రాణం నా ప్రాణం మీదికి వచ్చేలా ఉంది. ఆవిడది ఎర్ర జట్టు. మ్యాచి చూడ్డానికి మనింటికొస్తున్న ఆఫీసరుగారిది నీలం. ఎల్లుండి ప్రమోషన్ల లిస్టు మీద సంతకం పెట్టేది ఆయన.”

ఆఫీసరుగారిది నీలం జట్టని కనిపెట్టింది టైపిస్టు. ఆయన టీ తాగే కప్పు నీలం రంగుది. ఇంతకు మించిన రుజువు వాళ్ళు పనిచేసే నీళ్ళ ఆఫీసులో ఎవరూ అడగలేదు.

మూడున్నరకల్లా అకౌంటెంటూ, టైపిస్టూ నీలం చొక్కాల్లో దిగిపోయారు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క మెత్తటి కుర్చీని టీవీకి ఎదురుగా ఆఫీసరుగారి కోసం వేశారు. మిగతా వాళ్ళకి ప్లాస్టిక్ స్టూళ్ళు.

ఆఫీసరు నాలుగింటికి వచ్చాడు. గుమ్మంలో వరసగా నిలబడ్డ మూడు నీలం చొక్కాల్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వి, “ఓహో, అందరూ నీలమేనా? ఇంకేం, మనదీ అదే,” అన్నాడు.

టైపిస్టు తక్కిన ఇద్దరి వంకా గొప్పగా చూశాడు.

ఆట మొదలైన పావుగంటకి నీలం జట్టువాడు బంతిని వలలోకి కొట్టాడు. ఆఫీసరు ముగ్గురి ముఖాలూ ఒకసారి చూసి, “గోల్,” అన్నాడు. ముగ్గురూ లేచి నిలబడి గోల్ గోల్ అని అరిచారు.

“ఆఫ్‌సైడ్,” అని వినబడింది వంటింటి గుమ్మంలోంచి.

టీ గ్లాసు పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది. టీవీలో రిఫరీ కూడా అదే మాట చెప్పి గోల్‌ని రద్దు చేశాడు.

“రిఫరీకి కళ్ళద్దాలు కావాలి సార్,” అన్నాడు అకౌంటెంటు.

“కావలసింది ఆయనకి కాదు నాయనా,” అంటూ అత్తగారు ఒక స్టూలు లాక్కుని సరిగ్గా ఆఫీసరు పక్కనే కూర్చుంది.

హెడ్ క్లర్కు గబగబా లేచి వచ్చాడు. “అత్తయ్యగారూ, మీకు నడుం నొప్పి కదా. లోపల కాసేపు పడుకోండి.”

“అది నిన్ననే తగ్గింది అల్లుడుగారూ. కొంచెం పక్కకి జరగండి, బంతి కనబడ్డం లేదు.”

రెండో సగంలో ఎర్ర జట్టు గోల్ వేసింది. గది మొత్తానికి అత్తగారు ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆఫీసరు చేతులు రెండూ పైకి లేచి, అక్కడ కాసేపు తటపటాయించి, జుట్టు సవరించుకుని కిందికి దిగాయి. ఆయన తల పట్టుకున్నాడనుకుని హెడ్ క్లర్కు బిస్కెట్ల ప్లేటు ముందుకు జరిపాడు.

“ఇది అన్యాయం సార్,” అన్నాడు అకౌంటెంటు.

“అన్యాయమే,” అన్నాడు ఆఫీసరు, గొంతు సవరించుకుని.

“ఎక్కడుందో చెప్పండి,” అంది అత్తగారు. ప్లేటులో బిస్కెట్లు పేర్చి, వేరుశనగ గింజని బంతి చేసి, గోల్ ఎలా పడిందో వివరించింది. ఆఫీసరు కుర్చీ అంచుకి జరిగి వింటున్నాడు.

“మరి ఈ వెనకాల వాడు ఏం చేస్తున్నాడు?” అని అడిగాడు.

“మీ నీలంవాడేగా. కునుకు తీస్తున్నాడు.”

ఆఫీసరుకి టీ పొలమారింది. ఆ దగ్గు కోపంతో వచ్చిందనుకున్నాడు హెడ్ క్లర్కు.

ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా ఎర్ర జట్టుకి పెనాల్టీ దొరికింది. ఇది కూడా పడితే ఆఫీసరుగారి ముఖం చూసే ధైర్యం తనకి లేదు. హెడ్ క్లర్కు పిల్లిలా వరండాలోకి జారుకుని ఫ్యూజు పీకేశాడు. టీవీ ఆరిపోయింది. ఫ్యాను ఆగిపోయింది.

“కరెంటు పోయింది సార్,” అంటూ లోపలికి వచ్చాడు. “ఏం చేస్తాం, ఈ పేటంతా ఇంతే.”

“పేటలో ఉంది అల్లుడుగారూ. మనింట్లోనే లేదు,” అంది అత్తగారు. కిటికీలోంచి పక్కింటి టీవీ గోల వినబడుతోంది. ఆవిడ చెవి ఒగ్గి విని, “రెండోది కూడా పడింది. ఎర్ర జట్టు గెలిచింది,” అని తేల్చేసింది.

హెడ్ క్లర్కు చేతులు జోడించాడు. “క్షమించండి సార్. పెద్దావిడ, ఏదో చాదస్తం. మీరు మనసులో పెట్టుకోకండి.”

ఆఫీసరు లేచాడు. ముగ్గురినీ దాటుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “నాది చిన్నప్పట్నించీ ఎర్ర జట్టేనమ్మా. ఇంత బాగా ఆట చూసి ఎన్నేళ్ళయిందో.”

ముందుగా తేరుకున్నది అకౌంటెంటు. “నిజం చెప్పాలంటే నాకు కూడా ఎర్ర జట్టంటేనే సార్...”

“ఈ చొక్కా అసలు నాది కాదు సార్,” అన్నాడు టైపిస్టు. “మా బావమరిదిది.”

హెడ్ క్లర్కుకి ఇంకా అర్థం కాలేదు. “మరి మనదీ నీలమేనన్నారు కద సార్?”

“మీరు ముగ్గురూ అలా నిలబడి ఉంటే కాదని ఎలా అంటానండీ? మీ మనసు కష్టపెట్టడం ఎందుకని.”

“మా మనసు కష్టపడితే మీకేం సార్? లిస్టు మీద సంతకం పెట్టేది మీరు కదా.”

ఆఫీసరు గుమ్మం దగ్గరికి వెళ్ళి, వంగి బూట్ల లేసులు కట్టుకున్నాడు. లేచి, ముగ్గురికీ విడివిడిగా నమస్కారం పెట్టాడు.

“ఆ సంతకం ఇక నాది కాదండీ. పైపుల కొనుగోలు వ్యవహారంలో నిన్న సాయంత్రం నన్ను సస్పెండు చేశారు. ఎల్లుండి విచారణకి సాక్షులు మీ ముగ్గురే.”