నీ మగ్గం నేను చూస్తా

నేత మిల్లు మూతపడి, ఏళ్లపాటు గబ్బిలాల పాలై, ఈమధ్యే అపార్ట్‌మెంట్లయింది. చనిపోయిన అమ్మమ్మ మగ్గం నడిపిన చోటే ఇప్పుడు మనవరాలి పడగ్గది. మొగుడు నైట్ డ్యూటీలో ఉన్నాడు. చంటిది ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. ఊపీ ఊపీ తల్లి చేతులు పడిపోయాయి.

వెనకనుంచి ఎవరో ఆమె భుజం మీద రెండుసార్లు తట్టారు.

మగ్గాల రొదలో మాట వినబడక, మిల్లు ఆడవాళ్లు ఒకరికొకరు అలా భుజం తట్టే చెప్పుకునేవారని అమ్మమ్మ అనేది: "నువ్వెళ్లి నడుం వాల్చు, నీ మగ్గం నేను చూస్తా."

గదంతా మిషను నూనె వాసన. ఉయ్యాల దానంతటదే ఊగసాగింది, మగ్గంలా టకటకమంటూ.

ఆమె వెనక్కి తిరగలేదు. గొంతు తగ్గించి అంది:

"అమ్మమ్మా, అది మగ్గం కాదే, నీ మునిమనవరాలు. కాస్త మెల్లిగా."

ఉయ్యాల నెమ్మదించింది.