అరుణాదేవి ఆరాలు

“గా పిల్ల ఇయ్యాల గుడ్డు తిన్నదా, పారేసిందా?”

గుమ్మంలో నిలబడి అడిగింది అరుణాదేవి. రుచితను ఒళ్లో పెట్టుకుని తినిపిస్తున్న కరుణ తలెత్తి చూసింది. వారం రోజులుగా ఇదే వరస. బంట్వారం దగ్గరి ఆ ఊళ్లో కరుణ, ఉమ్రావ్ బేగం కూలివాళ్ల పిల్లల్ని చూసుకునే ఈ గది అరుణాదేవిదే. వెనకాల ఆకుకూరల మడి కూడా ఆమెదే. తల్లులు కంది చేలల్లో కలుపుకు పోతూ పిల్లల్ని ఇక్కడ దింపుతారు, వంతులేసుకుని మడికి నీళ్లు పెడతారు.

“సగం తిన్నదమ్మా.”

“మిగిలింది?”

“జరసేపాగి మళ్ల పెడ్త. ఒక్కపారే కుక్కితే కక్కుతది.”

“పప్పుల గా పచ్చగుందేంది?”

“మునగాకమ్మా. మీ మడిలదే.”

‘మీ’ అన్న మాటను కావాలనే ఒత్తి పలికింది కరుణ. అరుణాదేవి కరిగితేగా! గిన్నెలోకి తొంగి చూసింది. నూనె ఎంత పోశారని అడిగింది. రుచిత ఒళ్లు చేయడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగింది. జవాబు విని, ముఖం గంటు పెట్టుకుని వెళ్లిపోయింది.

“ఖాలా, ఈమె మన తప్పులు ఏరుతున్నది,” అంది కరుణ.

పొయ్యి దగ్గరున్న ఉమ్రావ్ బేగం నిట్టూర్చింది. “నాకు గట్లనే అనిపిస్తున్నది బేటీ. లేకుంటే మన మునగాకు తోని ఆమెకేం పని? ఆమె కొడుకు తాండూరు కెల్లి ఈమె దగ్గరున్న మనుమనికి బిస్కెట్లు, చిప్సులు సంచులల్ల పంపుతడాయె.”

“గా కొడుకే నాపరాళ్లు పెట్టనీకి గది అడుగుతున్నడట గద?”

ఉమ్రావ్ బేగం పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. ఊళ్లో అందరూ అంటున్న మాటే అది.

కరుణకు ఆ పూట ముద్ద దిగలేదు. ఈ గది లేనప్పుడు రుచిత చేను గట్టున, చీర ఉయ్యాలలో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. మళ్లీ అక్కడికే పోవాలా ఈ పిల్ల?

మర్నాడు అరుణాదేవి లోపలికి కూడా రాలేదు. “పిల్లలు పోయినంక ఇంటికి రా. ఒక్కదానివే రా. ఎవ్వరికి చెప్పకు,” అనేసి తిరిగిపోయింది.

అయిపోయింది, అనుకుంది కరుణ. సాయంత్రం దారి పొడుగునా బతిమాలే మాటలు కూర్చుకుంది, మార్చుకుంది, మళ్లీ కూర్చుకుంది. తీరా ఆ ఇంట్లో అడుగు పెట్టగానే అన్నీ మర్చిపోయింది. పైగా అరుణాదేవి వీధి తలుపు గడియ పెట్టేసింది.

“అమ్మా, మీ కాళ్లు మొక్కుత! గది గుంజుకోకుండ్రి. కావాలంటే మడి వాపస్ తీస్కోండ్రి. పిల్లలు ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నరు...”

“గది ఎవలు గుంజుకుంటున్నరే?” విసుక్కుంది అరుణాదేవి. ఆ వెంటనే గొంతు తగ్గింది. కళ్లు నేల చూశాయి. “కూలోళ్ల పిల్లల పక్కన కూసోవెడ్తే ఊరు నవ్వుతదని గిన్ని దినాలు ఆగిన. నువ్వు చెప్పినట్లు వండి సూసిన. నా చేతుల ముద్ద ముడుతలేడు.”

“ఎవరమ్మా?”

అరుణాదేవి లోపలి గది తలుపు తీసింది.

“మా మనుమడు రుచిత కన్న బక్కగైండు బిడ్డా.”