కుడి తలుపు స్పీకరు

"ఆ డోరు ముట్టుకోవద్దు నాయనా! స్పీకర్లూ వద్దు, ఏమీ వద్దు!"

అలివేలమ్మ అరుపుకి మురుగేష్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. చిత్తూరులో పలమనేరు రోడ్డు పక్కన అతని షాపు. దాని ముందు ఆగిన పాతకారు డ్రైవరు వైపు తలుపు అట్ట సగం ఊడి వేలాడుతోంది.

"నువ్వు కానీ అబ్బా. ఆయమ్మ అట్లే అంటాది," అన్నాడు ఆమె భర్త వెంకటముని.

"సూడు మురుగేషూ! ఐరాల కాడ నుంచి ఈడిదాకా మాట్లాడతానే వచ్చినా. ఏం చెప్పినా ఊ అంటాడు, అంతే. కార్లో కూసుంటే నేను మనిషినే కాదు ఈయనకి. ఇంక పాటలు పెట్టుకున్నాడంటే నాకు ఆ ఊ కూడా ఉండదు."

చివరికొచ్చేసరికి ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మురుగేష్ నవ్వించబోయాడు.

"అయినా ఈ ఒక్క డోరుకే ఏంది సార్? నాలుగూ ఏసుకుంటే సినిమా హాలు మాదిరి ఉంటాది. ఇది ఒంటి కాలికి చెప్పు తొడుక్కున్నట్టు గదా!"

వెంకటముని అతన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. తిరిగొచ్చాక మురుగేష్ ఇక హాస్యాలాడలేదు.

"ఆయన్ని పాటలు వింటా రమ్మను. నేను బస్సుకి పోతా," అని అలివేలమ్మ సంచీ అందుకుంది.

"పోదువులే," అన్నాడు వెంకటముని. "ఒక్కసారి ఎక్కి కూసో. నచ్చకుంటే ఇప్పుడే పీకించేస్తా. కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు."

ఆ దేవుడి మీద ఒట్టేశాక ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళెవరూ మాట తప్పరు. ఆమె సంచీ దించింది.

పనయ్యాక మురుగేష్, ఆమె చీరకి దుమ్ము అంటకుండా ఎడమ సీటు తుడిచి, తన తువ్వాలు పరిచాడు. "టీ తాగొస్తా సార్," అని, తాగాలని లేకపోయినా వెళ్ళిపోయాడు.

అలివేలమ్మ మొగుడికేసి చూడకుండా కిటికీలోంచి రోడ్డునే చూస్తూ కూర్చుంది. వెంకటముని ఎక్కి మీట నొక్కాడు. పాట రాలేదు.

"ఏమాయ? నోరు పడిపోయిందా నీ పెట్టెకి?" అంది అటే చూస్తూ.

ఆ మాటే, ఆమె గొంతుతోనే, అతని పక్కనున్న తలుపులోంచి గట్టిగా వినిపించింది. ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. నుదుటికి ఎదురుగా, చిటికెనవేలంత మైకు తగిలించి ఉంది.

"చెప్పు మే, ఇంకా చెప్పు," అన్నాడు వెంకటముని తడి కళ్ళతో. "నా ఎడమ చెవి పూర్తిగా పోయిందని వేలూరు డాక్టరు చెప్పినాడు. నువ్వేమో ఎప్పుడూ ఆ పక్కనే కూసుంటావు."