కొత్త సైలెన్సర్

"ఇవాళ ఆ మోత ఆగాలి బావా. ఆగలేదనుకో, పాపనెత్తుకుని చింతలపూడి పోతా. మా అమ్మ దగ్గరే ఉంటా, మళ్లీ రాను."

భవాని ఉత్తినే బెదిరించడం లేదు. బట్టల సంచి సర్ది గుమ్మంలో పెట్టేసింది. పాపకి మూడో నెల. దుర్గాప్రసాద్ బయట కారు స్టార్ట్ చేశాడంటే చాలు, లోపల ఆ పసిగుడ్డు ఉలిక్కిపడి, గుక్కపట్టి, నీలంగా మారిపోతోంది. ఆ పొద్దున్నయితే ఎంతకీ ఊపిరి తీసుకోలేదు. మొహాన నీళ్లు చల్లి, వీపు చరిచి, నానా హైరానా పడితే అప్పుడు కెవ్వుమంది. డాక్టరమ్మ కూడా మెత్తగా ఏం చెప్పలేదు. "పెద్ద చప్పుళ్లకి దూరంగా ఉంచండి. ప్రతిసారీ నా దాకా తెచ్చే టైముండదు" అని మొహం మీదే అనేసింది.

కారంటే మీరు ఏదేదో ఊహించుకునేరు! వెనక సీట్లు పీకేసి, మామిడికాయల ట్రేలు పేర్చుకునే పాత బండి అది. సైలెన్సర్ తుప్పుపట్టి ఎప్పుడో తూట్లు పడిపోయింది. మొదట్లో దాని వెంటపడి మొరిగిన ఊరకుక్కలు కూడా విసుగెత్తి మానేశాయి.

"కొత్తది తెప్పించాను కదే! మెకానిక్కులంతా మామిడి లారీల కింద దూరి ఉన్నారు. సీజనయ్యేదాకా మన బండి ఎవడూ ముట్టుకోడు."

"వాళ్లు దూరకపోతే నువ్వు దూరు."

దూరాడు పాపం. ఫోన్లో వీడియో పెట్టుకుని, ముందు చక్రాలకి రాళ్లు అడ్డంపెట్టి, జాకీ ఎక్కించి, ఆసరాకి రెండు మామిడి మొద్దులు తోసి, వెల్లకిలా కారు కిందికి జరిగాడు. బోల్టులేమో తుప్పుకి కరుచుకుపోయి ఉన్నాయి. కిరోసిన్ పోసి నానబెట్టాడు, అవి కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. పానా జారి వేళ్లు చీరుకుపోయాయి. భవాని పక్కనే కూచుంది.

"బావా, జాకీ జారితే?"

"జారితే నీకు పీడా వదులుద్ది."

"నీ నోట్లో మన్ను బడ! అవేం మాటలు?" అంది. అప్పట్నుంచీ జాకీ మీంచి చూపు తిప్పితే ఒట్టు.

పాత సైలెన్సర్ ఊడి ధబ్బుమని పడింది. కొత్తది రబ్బరు కొక్కేలకి తగిలించాలంటే ఒక్కడి వల్ల కాలేదు. భవానే చీర కుచ్చిళ్లు దోపుకుని, మట్టిలో బోర్లా పడుకుని ఒక కొస పైకెత్తి పట్టుకుంది. అతను ప్యాకింగు పెట్టి క్లాంపులు బిగించాడు. ఇద్దరూ ఒళ్లంతా మసితో బయటికొచ్చి ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

భవాని చేతులు కడుక్కుని లోపలికెళ్లి పాపని భుజాన వేసుకుంది. ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడింది.

"ఊఁ, స్టార్ట్ చెయ్యి బావా!" అని లోపల్నించి కేకేసింది.

"చేసి ఎంతసేపయిందే పిచ్చిమొహమా!"

పాప కళ్లు కూడా తెరవలేదు. భవానికి ఏడుపొచ్చినంత పనైంది. గుమ్మంలో సంచి తీసి అటక మీద పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి ఎప్పటిలాగే దుర్గాప్రసాద్ మామిడితోటకి బయల్దేరాడు. వాళ్ల నాన్న చిన్నయ్య రాత్రిళ్లు కాపలా ఉండేది అక్కడే. కోసిన కాయ ఎండెక్కకముందే మార్కెట్టుకి చేర్చాలి. అతనెప్పుడు లేచాడో, కారెప్పుడు కదిలిందో భవానికి తెలియనే తెలియలేదు. కాన్పయ్యాక మొదటిసారి ఆమె ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

తలుపు దబదబా బాదితే మెలకువొచ్చింది. పక్క తోట కాపలా మనిషి డేవిడ్ రాజు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు.

"పాపని పక్కింట్లో ఇచ్చి, నాతో రామ్మా."

"ఏంటన్నా? ఏమైంది?"

"రా తల్లీ" అన్నాడు.

తోట మొగలో, లోపలికెళ్లే దారి దగ్గర కారు ఉంది. దానికి పది అడుగుల అవతల దుర్గాప్రసాద్ బోర్లా పడున్నాడు. అతని కుడికాలికి తీగ అంటుకుని ఉంది. రాలిన కాయ కోసం దిగే అడవిపందులకని చిన్నయ్య రాత్రిళ్లు కరెంటు పెట్టే తీగ అది. డేవిడ్ రాజు చూసి, అరిచి, కరెంటు ఆపించేసరికే అంతా అయిపోయింది. కొడుకు వచ్చే వేళకి ఆ తీగలో కరెంటుండదు. కట్టిన నాటినుంచీ ఒక్కనాడూ ఉండలేదు. అందుకే రోజూలాగే కాలితో పక్కకి నెట్టబోయాడు.

భవాని మొగుడి మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది. ఉన్నట్టుండి లేచి, తోట మధ్యలో ఉన్న మోటారు షెడ్డుకి పరిగెత్తింది. చిన్నయ్య స్విచ్చి బోర్డు కింద కూలబడి, శుక్లాలు కమ్మిన కళ్లతో ఎటో చూస్తున్నాడు. ఆమె ముసలాయన చొక్కా పట్టుకుని ఊపేసింది.

"రోజూ వచ్చే వేళకే వచ్చాడు కదా మావయ్యా నీ కొడుకు! రోజూ ఆపేవాడివే కదా! ఇవాళ్టికి ఏం మాయరోగమొచ్చి ఆపలేదు? నిద్రపోయావా?"

"లేదు తల్లీ, నిద్రెక్కడిది! స్విచ్చి మీద చెయ్యేసుకునే కూచున్నా... గడియారం కనబడదు కదా నాకు, వాడి కారు మోత వినబడగానే ఆపుదామని!"