అగ్గిపుల్లంత సందు

"పల్లంరాజు గారూ, పచ్చజెండా మీరే ఊపాలండీ!"

యుగంధర్ అప్పటికే బొమ్మరైలు ఇంజనెక్కి కూర్చున్నాడు. తన పెరట్లో కొబ్బరిచెట్ల చుట్టూ పట్టాలు వేసి, మనుషులెక్కి తిరిగే రైలు కట్టాడాయన. వీధంతా చూడ్డానికొచ్చింది.

సామర్లకోటలో ఇద్దరూ ఒకే ఏడు రిటైరయ్యారు. యుగంధర్ రైలు డ్రైవరు, పక్కింటి పల్లంరాజు పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్.

రిటైరయ్యాక కూడా ఈయనకి సీటు, నాకు జెండా! పల్లంరాజుకి కడుపు మండిపోయింది.

పట్టాల్లో లోపం పల్లంరాజు ఎప్పుడో చూశాడు. పట్టాకీ పట్టాకీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందైనా వదల్లేదు. మే నెల ఎండకి ఇనుము సాగితే పట్టా వంకర తిరుగుతుంది. తెలిసీ చెప్పలేదు. నలుగురి ముందూ పడనీ అనుకున్నాడు.

ఇంతలో వెనకపెట్టెలోకి యుగంధర్ మనవరాలు హారతి ఎక్కింది.

"పట్టాలు ఓసారి చూసుకున్నారా అండీ?" ఉండబట్టలేక అడిగేశాడు పల్లంరాజు.

యుగంధర్ నవ్వాడు. "ముప్ఫై ఏళ్ళు బండి నడిపానండీ. పట్టా ఎలా ఉందోనని ఒక్కరోజూ భయపడలేదు. కింద మీరున్నారు కదా! ఇప్పుడూ అంతే. రోజూ గోడ మీంచి చూస్తూనే ఉన్నారు. తప్పుంటే మీరు చెప్పకుండా ఉంటారేంటి?"

పల్లంరాజు తలెత్తలేకపోయాడు. పచ్చజెండా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"పాపని దింపండి," అన్నాడు. "స్పానర్ ఇలా ఇవ్వండి."