ఒడ్డుకు అడ్డు

ముసలావిడ తాడు దాటి వచ్చి ఇసుకలో చతికిలబడింది.

ఆల్‌స్టన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ తాడు కట్టింది అతనే. తాడుకు ఇవతల అతని అద్దె కుర్చీలు, గొడుగులు, తెడ్డు పడవలు, తాబేళ్ళను చూపించే పెద్ద పడవ. సెలవులకొచ్చిన దొరలు కరీబియన్ అలల మీద తేలితేనే అతని సంసారం మునగకుండా ఉండేది.

"కుర్చీ కావాలా?"

"వద్దు బాబూ. ఇసుక చాలు."

"నీకు ఇసుక, నాకు విసుగు. కుర్చీ తీసుకుంటేనే ఇక్కడ కూర్చోవడం."

"సముద్రానిక్కూడా వేశావా కుర్చీ?"

పొద్దుటి ఓడలో దిగినట్టుంది. ఊళ్ళో ఎప్పుడూ చూసిన ముఖం కాదు. డబ్బా తెరిచి, మిరప పులుసు చల్లిన ఎగిరే చేప ముక్క కొరుకుతోంది. కుర్చీల్లోని దొరలు తలలు తిప్పి చూస్తున్నారు.

కదలమంటే కడలినే చూస్తూ కూర్చుంది.

తాడు ఉండనే ఉంది, తాడోపేడో తేల్చేద్దామనుకున్నాడు ఆల్‌స్టన్. ఆవిడ సంచీ, చెప్పులు, తువ్వాలు ఎత్తి తాడు అవతలికి విసిరేశాడు. డబ్బా దొర్లి చేప ఇసుకపాలైంది.

ఆవిడ అరవలేదు.

"ఈ ఊరివాడివేనా అబ్బాయ్?"

"పుట్టింది, పెరిగింది ఇక్కడే. అడగడానికి నువ్వెవరు?"

"అదే బాధ."

ఒంటికంటిన ఇసుకైనా దులుపుకోకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక పక్క హోటలువాళ్ళు ఇనప కమ్మీలతో దిగారు. ఆల్‌స్టన్ పడవల ముందే గుంతలు తవ్వసాగారు.

"ఏంటిది?"

"కంచె. ఇకమీదట ఈ ఒడ్డు మా అతిథులకే. నీ చెక్కముక్కలు ఎత్తెయ్" అన్నాడు వాళ్ళ కాపలా పెద్ద.

"ఒడ్డుకు అడ్డు కడతారా? మీ అడ్డా అనుకున్నారా? ఒడ్డు అందరిదీ. చట్టముంది."

"చట్టం నీ కుర్చీలో కూర్చుందా? పిలువు, చూద్దాం."

ఆల్‌స్టన్ ఫోను తీసి పోలీసులను పిలిచాడు. వాళ్ళు వచ్చేదాకా కమ్మీ దిగకుండా గుంతలోనే కూర్చున్నాడు.

హెడ్డు క్లెమెంట్ వచ్చాడు. రేపో మాపో రిటైరయ్యే మనిషి.

"ఆల్‌స్టన్ అన్నది నిజమే. ఇక్కడికి ఎవరైనా రావచ్చు, ఎవరైనా కూర్చోవచ్చు. పీకండి కమ్మీలు."

హోటలువాళ్ళు పళ్ళు నూరుతూ పీక్కుపోయారు.

"చట్టమంటే అట్లా ఉండాలి హెడ్డుగారూ" అంటూ గుంతలోంచి లేచాడు ఆల్‌స్టన్.

క్లెమెంట్ నవ్వలేదు.

"ఆ తాడెవరిది?"

"నాదే."

"అయితే ఆవిడ సామాను విసిరింది నువ్వేనన్నమాట. ఇప్పుడే ఓడెక్కించి వస్తున్నా."

"ఆ మొండి ముసల్దా?"

"మొండిదే. నేను కొత్తగా చేరినప్పుడు ఈ ఒడ్డంతా హోటళ్ళదే. ఆవిడ వచ్చి ఇక్కడే కూర్చునేది. మేం జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి జైల్లో వేసేవాళ్ళం. వదలగానే మళ్ళీ వచ్చి కూర్చునేది."

ఆల్‌స్టన్ చూపు తన తాడు మీద పడింది.

"ఆవిడ అట్లా కూర్చోబట్టే అబ్బాయ్, నీ చట్టం లేచి నిలబడింది."