పచ్చి కట్టు

"ఎలా విరిగింది?" అన్నాడు మేస్త్రి, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

"బాత్రూంలో కాలు జారింది నాయనా," అంది తల్లి.

"అదే. జారింది," అన్నాడు కొడుకు.

మేస్త్రి తలూపాడు. ఆసుపత్రిలో పిండికట్లు వేయడం ఆయన పని. ఎముకల చుట్టూ గోడలు కడతాడని అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయనకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. బాత్రూంలు మోసినన్ని నిందలు ఏ కోడలూ మోయలేదు.

జారిపడ్డవాళ్ళు అరచెయ్యి నేలకు ఆనిస్తారు. మణికట్టు విరుగుతుంది. ఇక్కడ విరిగింది చిటికెనవేలి కింది ఎముక. బాత్రూంలో జారితే విరిగే రకం కాదది.

తల్లికి డెబ్బై దాటి ఉంటాయి. ఫ్యాను కింద కూడా చెమటలు పట్టే ఎండల్లో శాలువా గడ్డం దాకా కప్పుకుంది. కొడుకు ఎడమ చేత్తో ఫోను నొక్కుకుంటున్నాడు.

"నొప్పి ఎక్కువగా ఉందా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"ఏం లేదు నాయనా. అన్నం నమలడమే కాస్త..."

"పళ్ళు పాడయ్యాయి లెండి," అన్నాడు కొడుకు. "మీరు చేతి సంగతి చూడండి. నువ్వు నీ సొద ఆపమ్మా."

తల్లి శాలువా ఇంకో అంగుళం పైకి లాక్కుంది. ఆలోపే మేస్త్రి చూడాల్సింది చూశాడు. చెవి కింది నుంచి దవడ పొడుగునా వంకాయ రంగు.

ఇలాంటి పెద్దావిడ ఒకామెకు మునుపు ఆయన మూడుసార్లు కట్టు వేశాడు. మూడుసార్లూ బాత్రూమే. మూడుసార్లూ నమ్మినట్టు తలూపి ఇంటికి పంపేశాడు. నాలుగోసారి ఆమెను ఈ గదికి తేలేదు. నేరుగా మార్చురీకి తీసుకెళ్ళారు.

"సిస్టర్, చల్లనీళ్ళు కావాలి," అన్నాడు మేస్త్రి.

తలుపు దగ్గర నర్సు ఒక్క క్షణం ఆగింది. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన పిండికట్టు చకచకా బిగుస్తుంది. చల్లనీళ్ళలో తడిపింది తీరిగ్గా, బద్ధకంగా బిగుస్తుంది. మేస్త్రి చల్లనీళ్ళు అడిగాడంటే ఆయన ఆలస్యం చేస్తాడు, ఆమె ఫోను చేస్తుంది. ఆ నాలుగోసారి తర్వాత ఇద్దరూ చేసుకున్న ఒప్పందం అది.

నర్సు బకెట్ తెచ్చి పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

మేస్త్రి దూది చుట్టాడు. నచ్చలేదని విప్పాడు. మళ్ళీ చుట్టాడు.

"కట్టు వేస్తున్నారా, జడ వేస్తున్నారా?" అన్నాడు కొడుకు.

"వంకరగా అతికితే జన్మంతా నన్నే తిట్టుకుంటారు బాబూ."

"పక్క ఆసుపత్రిలో పది నిమిషాల్లో వేసి పంపుతారట."

"పంపుతారు. వాళ్ళు వేసినవి విప్పడమే నాకు సగం పని."

తల్లి నవ్వబోయి, నొప్పికి మధ్యలోనే ఆగిపోయింది.

కట్టు మోచేతి దాకా వచ్చేసరికి, వృద్ధుల కేసులు చూసే అధికారిణి లోపలికి వచ్చింది. ఆమె వెనక ఒక కానిస్టేబుల్.

"అమ్మా, పక్క గదిలోకి రండి. మనిద్దరమే మాట్లాడుకుందాం. ఇవాళ ఆ ఇంటికి వెళ్ళాలో వద్దో మీరే చెబుదురుగాని."

"ఆవిడ ఎక్కడికీ రాదు," అన్నాడు కొడుకు.

తల్లి కొడుకు వైపు చూసింది. తలుపు వైపు చూసింది. లేచి, తలుపు వైపే నడిచింది.

ఆపడానికి కొడుకు విసురుగా లేవబోయాడు గానీ, తల్లి దవడ మీద గుద్ది విరగ్గొట్టుకున్న అతని కుడి పిడికిలి మోచేతి దాకా పచ్చి పిండికట్టులో, మేస్త్రి రెండు చేతుల మధ్య ఉంది.